బ్రేకుల కోసం రాణిగంజ్ దాకా, అత్తగారితో

మా అత్తగారి కారుకి బ్రేక్ ప్యాడ్లు కొనడానికి శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి కొత్తగూడలో బయలుదేరాం. వెళ్ళింది సికింద్రాబాద్ రాణిగంజ్ దాకానే. ఈ ఊళ్ళో రోజూ అంతకన్నా దూరం ఉద్యోగాలకి వెళ్ళి వచ్చేవాళ్ళు ఉన్నారు. అయినా రాస్తున్నాను. కారున్న ప్రతివాడికీ ఏదో ఒక రోజు ఈ ప్రయాణం తప్పదు. అత్తగారితో వెళ్ళే అదృష్టం మాత్రం అందరికీ పట్టదు.

ఆవిడ పేరు అనసూయ. వికారాబాద్ అవతల, తాండూరు దారిలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి, రిటైరై, మా దగ్గరికి వచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకే డ్రైవింగ్ స్కూల్లో చేరారు. ఆ తర్వాత తన సొంత డబ్బుతో ఒక పాత చిన్న ఎర్రకారు కొన్నారు. మా ఇంట్లో లైసెన్సులు మూడు ఉన్నాయి గానీ కారు నడిపేది ఆవిడ ఒక్కరే. నా భార్య లావణ్యకి తీరిక లేదు, నాకు ధైర్యం లేదు. సామర్లకోటలో సైకిలు మీద పెరిగినవాణ్ణి. కొత్తగూడ కూడలిలో నాలుగు వైపుల నుంచీ మీదికొచ్చే బండ్లని చూస్తే స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ చేస్తాను. అంటే ఎక్కడ ఏం చెడిపోతుందో ముందే ఊహించి చెప్పినందుకు నాకు జీతమిస్తారు. అదే పని ఇంటికొచ్చాక ఉచితంగా చేస్తాను.

సంగతేమిటంటే, ఆదివారం ఆవిడ తనతో పనిచేసిన ముగ్గురు టీచర్లని ఎక్కించుకుని అనంతగిరి గుట్టకి వెళ్ళాలి. నాలుగో ఆవిడ, సక్కుబాయి టీచర్, "అనసూయ నడిపితే నేను రాను, ప్రాణం తీపి" అని ఫోనులో తేల్చి చెప్పేసింది. ఆ ఖాళీ సీటులో నేను కూర్చుని అమ్మని చూసుకోవాలని లావణ్య షరతు పెట్టింది. ఏమైనా అయితే నేనేం చేయగలనో లావణ్యా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ప్రయాణానికి ముందు ఒకసారి చూపించి తెద్దామని శుక్రవారం కారుని సర్వీసుకి ఇచ్చాం. ఆయిలు మార్చారు, ఫిల్టర్లు దులిపారు. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు బాగా అరిగిపోయాయని, కంపెనీ ప్యాడ్లు ప్రస్తుతం స్టాకు లేవని, మంగళవారం వస్తాయని చెప్పాడు.

నా మనసు తేలికపడింది. అది మొహంలో కనిపించకుండా జాగ్రత్తపడి, "బ్రేకుల విషయంలో రాజీ పడకూడదు అత్తయ్యగారూ. కంపెనీ పార్టే వేయిద్దాం. మంగళవారం దాకా ఆగుదాం" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఆదివారం ముందొస్తదా అల్లుడూ, మంగళవారం ముందొస్తదా?"

మా వీధి చివర ఖాజా భాయ్ అని మెకానిక్కు ఉన్నాడు. శనివారం పొద్దున్నే కారు అతని షెడ్డులో జాకీల మీద నిలబడింది. అతను పాత ప్యాడ్లు ఊడదీసి మా ముందు పెట్టాడు. అరచేతంత ఇనప పలకలు నాలుగు. వాటి మీద ఉండవలసిన మందమంతా బిస్కట్టు పొరలా మిగిలింది.

"రాణిగంజ్ పోండ్రి అన్నా. కంపెనీది కావాల్నంటె కంపెనీది, బయటిది కావాల్నంటె బయటిది, అన్నీ దొరుకుతయి. నమూనాకు ఇవి తీస్కపోండ్రి."

"రెండిట్లో ఏది మంచిది భాయ్?" అని అడిగాను.

"నేను బిగించేటోన్ని అన్నా. మీరేది తెస్తె అది బిగిస్త."

ఇలా బయలుదేరాం. పాత ప్యాడ్లని న్యూస్‌పేపర్లో చుట్టి, లావణ్య ఆఫీసుకి అన్నం పట్టుకెళ్ళే సంచిలో పెట్టుకున్నారు మా అత్తగారు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కొత్తగూడ నుంచి హైటెక్ సిటీ మెట్రో స్టేషను దగ్గర. అయినా ఇంకో నాలుగు రూపాయలు ఆటోకి పోసి రాయదుర్గం వెళ్ళి ఎక్కడం మంచిది. అది చివరి స్టేషను కాబట్టి ఖాళీ రైలు వచ్చి ఆగుతుంది, కూర్చోవచ్చు. ఇద్దరికీ కలిపి నూట ఇరవై లోపే అయింది టికెట్టు.

ఎక్కే ముందు ఒక చిక్కు వచ్చింది. సంచి స్కానర్‌లోంచి అటువైపు రాలేదు. తెర ముందు కూర్చున్న సెక్యూరిటీ అమ్మాయి దాన్ని వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఈ సంచి ఎవరిది? లోపల ఏంది?"

"బ్రేకులు" అన్నారు మా అత్తగారు.

ఆ అమ్మాయి సంచి తీసి, పేపరు విప్పి, పలకలని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. వెనక వరస పెరుగుతోంది. ఆఫీసు బ్యాగుల వాళ్ళు తొంగి చూస్తున్నారు.

"మెట్రోకి బ్రేకులుంటయమ్మా. ఇంటికాంచి తెచ్చుకోవాల్నా?" అంది చివరికి, సంచి చేతికిస్తూ. వరసంతా నవ్వింది. నేను నాకు సంబంధం లేనట్టు నడవడానికి ప్రయత్నించాను. "అల్లుడూ, సంచి పట్టుకో" అని అత్తగారు గట్టిగా పిలవడంతో అది కుదరలేదు.

రైల్లో మా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, చేతికర్రతో. దుర్గం చెరువు దాటేసరికి మా అత్తగారికీ ఆవిడకీ స్నేహం కుదిరింది. మాదాపూర్ వచ్చేసరికి ప్యాడ్లు బయటికి తీసి చూపించడం కూడా అయిపోయింది. కంపెనీవి వేయాలా బయటివి వేయాలా అన్న మా గొడవని ఆ పెద్దావిడ శ్రద్ధగా వింది.

"నాకు రెండు మోకాళ్ళు మార్చిండ్రమ్మా" అంది. "పెద్దకొడుకు ఫారిన్‌ది ఏపిచ్చిండు. చిన్నోడు మన దేశందే మంచిదని, ఇంకో కాలికి అది ఏపిచ్చిండు."

నేను ముందుకి వంగాను. ఇంతకన్నా సరైన సాక్ష్యం నాకు దొరకదు. "ఏది బాగుందండి మరి?"

ఆవిడ రెండు మోకాళ్ళనీ కాసేపు నిమురుకుంది. "ఏ కాలికి ఏది ఏసిండ్రో నాకు యాదిలేదు కొడుకా. కొడుకులిద్దరికి మాత్రం బాగ యాదుంది. పండక్కొస్తె దాని మీదనే లొల్లి."

ఆవిడ అమీర్‌పేటలో దిగిపోయింది. రెండు కాళ్ళూ ఒకేలా వేసుకుంటూ వెళ్ళింది.

ప్యారడైజ్ స్టేషనులో దిగి, ఆటో మాట్లాడుకుని రాణిగంజ్ చేరేసరికి పదకొండు దాటింది. ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం చెబుతున్నాను. అక్కడ దుకాణాలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. గుమ్మం పైన సైలెన్సర్లు దండల్లా వేలాడుతుంటాయి. లోపల నేల నుంచి కప్పు దాకా డబ్బాలు. మధ్య మనిషి పట్టేంత సందు, ఆ సందులో ఒక మనిషి. రోడ్డు మీద చేతిబండ్లు, ట్రాలీ ఆటోలు, భుజం మీద బంపరు మోసుకుంటూ పెళ్ళికొడుకులా హుందాగా నడిచి వెళ్ళే మనుషులు. రబ్బరు వాసన, గ్రీజు వాసన, వీటన్నిటి మీదా ఏ మూల నుంచో చాయ్ వాసన. మా ఆఫీసుల వైపు నేల కూడా అద్దంలా ఉంటుంది. ఎవరు ఏం పనిచేస్తున్నారో మాత్రం బయటికి కనిపించదు. ఇక్కడ ప్రతివాడి పనీ చేతులకి అంటుకుని ఉంది.

మొదటి దుకాణంలో మా అత్తగారు పాత ప్యాడ్లు కౌంటరు మీద పెట్టారు. "ఇసొంటివి కావాలె."

"కంపెనీదా అమ్మా, బయటిదా?" అన్నాడు దుకాణదారు.

"కంపెనీదే" అన్నాను నేను.

స్టాకు లేదంటాడని చూశాను. అతను వెనక్కి తిరిగి చెయ్యి చాపి, ఒక నీలం డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. సర్వీసు సెంటరుకి మంగళవారం గానీ రానిది ఇక్కడ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. నా ఉద్యోగధర్మం గుర్తొచ్చింది. ఫోనులో లైటు వేసి డబ్బా మీద మెరుపు స్టిక్కరు చూశాను. మెరిసింది. అటూ ఇటూ వంచితే రంగులు మారింది. సీలు చూశాను, చెక్కుచెదరలేదు. లోపాలేమీ లేవని నిరుత్సాహంగా ఒప్పుకుని డబ్బాని మా అత్తగారి చేతికిచ్చాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, డబ్బాని పైనుంచి కిందిదాకా జవాబుపత్రం చదివినట్టు చదివారు. ఒకచోట ఆగారు. చేతిసంచిలోంచి ఎర్రపెన్ను తీశారు. రిటైరైనా ఆ పెన్ను ఆవిడ దగ్గర ఉంటుందని నాకు తెలుసు గానీ, దాన్ని ఏం చేయబోతున్నారో ఊహించలేకపోయాను. 'జెన్యూన్' అన్న ఇంగ్లీషు మాటలో మధ్య అక్షరం ఒకటి లేదు. ఆవిడ అక్కడ చిన్న గుర్తు పెట్టి, ఆ అక్షరాన్ని పైన పొందికగా రాసి, డబ్బాని తిరిగి కౌంటరు మీద పెట్టారు.

"అయ్యో అమ్మా! డబ్బ మీద రాస్తిరేంది?"

"తప్పుంటె దిద్దాలె గదా."

"స్పెల్లింగుతోని బ్రేకు పడ్తదా అమ్మా?"

"డబ్బ మీద ఒక అక్షరం మింగినోడు లోపల ఏం మింగిండో ఎట్ల తెలుస్తది?"

దుకాణదారు ఆ డబ్బాని తీసుకుని తనూ చదివాడు. వేలితో ఆ మాట మీద రుద్ది చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడో, ఆశ్చర్యపోవడం బాగా వచ్చో నేను చెప్పలేను. "నాకిచ్చినోడు ఒరిజినలనే ఇచ్చిండమ్మా" అని మాత్రం గొణిగి, దాన్ని కౌంటరు కిందికి తోసేశాడు.

ఇక వెళ్దామని నేను మెట్టు దిగుతుంటే మా అత్తగారు, "మ్యాటుందా?" అని అడగడం వినిపించింది. "కాళ్ళ కింద ఏసేది. ఒక్కటే కావాలె. ఎడమ పక్కది."

"సెట్టుగనే వస్తయమ్మా. ఒక్కటెందుకు?"

"మా అల్లుడు పక్క సీట్ల కూసోని బ్రేకు కొడుతడు. ఆడ మ్యాటుకు బొక్క పడ్డది. నాదైతే మంచిగనే ఉంది."

దుకాణంలో నలుగురు కొనేవాళ్ళు ఉన్నారు. నలుగురూ తిరిగి నా కాళ్ళకేసి చూశారు. దుకాణదారుకి పోయిన ఉత్సాహం తిరిగొచ్చింది. "అన్నా, మరి నీగ్గూడ ఒక సెట్టు ప్యాడ్లియ్యాల్నా?" అన్నాడు.

ఆ బొక్క సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. కాలు నొక్కుతానని తెలుసు గానీ అంత లోతుగా నొక్కుతానని తెలియదు.

పరువు పోయాక మనిషికి ఆకలి ఎక్కువవుతుందనుకుంటాను. మూల మీద ఇరానీ హోటల్లో కూర్చున్నాం. శనివారం మా అత్తగారికి ఒక్కపొద్దు కాబట్టి చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లతో సరిపెట్టారు. నేను వేడి సమోసాలు ఒక ప్లేటు, మీద ఇంకో చాయ్ తీసుకున్నాను. తింటూ మరోసారి, "కనీసం మంగళవారం దాకా..." అని మొదలుపెట్టాను. ఆవిడ బిస్కట్టుని చాయ్‌లో ముంచి, అది విరిగి పడేలోగా నోట్లో పెట్టుకుని, సంచి అందుకుని లేచారు.

రెండో దుకాణం మేడ మీద ఉంది. ఇక్కడ డబ్బాలకి చీటీలున్నాయి, కంప్యూటరు ఉంది, బిల్లు ఇస్తారు. దుకాణదారు నెమ్మదస్తుడు. పాత ప్యాడ్ల మీద ఉన్న అంకె చూసి, కంప్యూటరులో కొట్టి, "కంపెనీది ఒక్కటే సెట్టుంది సార్" అన్నాడు.

"ఒక్కటే ఉందాండీ? అయితే నాకివ్వండి" అన్నది నేను కాదు. నా పక్కన నిలబడ్డ యాభై ఏళ్ళాయన. గళ్ళ చొక్కా, చంకలో హెల్మెట్టు. ఆయన చేతిలోనూ న్యూస్‌పేపరు పొట్లం ఉంది, అందులోనూ ఇనప పలకలున్నాయి.

"ముందు మేం అడిగామండి" అన్నాను.

"మీరు అడిగారండి. నేను పావుగంట నుంచీ నిలబడ్డానండి."

నీలం డబ్బా కౌంటరు మీదికొచ్చింది. దాని ఒక కొస మీద ఆయన చెయ్యి పడింది, రెండో కొస మీద నాది. మొదటి దుకాణంలో కంపెనీ డబ్బా కనిపిస్తే దిగులుపడ్డవాణ్ణి, ఇక్కడ ఎందుకంత పట్టుదలగా పట్టుకున్నానో నాకే తెలియదు. ఇంకొకడు పట్టుకున్నాడు కాబట్టి పట్టుకున్నాను.

"వదలండి సార్."

"మీరే వదలాలండి. ఆయ్."

ఆ 'ఆయ్' వినగానే నా చెయ్యి వదులైంది. "మీది ఏ ఊరండి?"

"పెద్దాపురమండి."

"మాది సామర్లకోటండి!"

ఇంకేముంది. ఆయన పేరు వీర్రాజు. మియాపూర్‌లో ఉంటారు, ఏదో ప్రభుత్వ ఆఫీసులో పని. ఆయన మేనత్తని ఇచ్చింది మా ఊరే. మా వీధి చివర పిండిమర ఎవరిదో ఆయనకి తెలుసు. ఐదు నిమిషాల్లో గొడవ పూర్తిగా తిరగబడింది.

"మీరే తీసుకోండి. పెద్దవారిని కూడా తీసుకొచ్చారు."

"భలేవారండీ. పావుగంట నుంచీ నిలబడ్డది మీరు."

"అయితే ఏంటండి, మీరు తీసుకుంటే నేను తీసుకున్నట్టు కాదాండీ?"

డబ్బా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు జరుగుతోంది. మా అత్తగారు కాసేపు చూసి, దుకాణదారుతో, "వీళ్ళ ఊర్లు కలిసినయి, ఇప్పట్ల తెమలదు గానీ, ఇంకో రకం ఏమున్నయో చూపియ్యి బిడ్డా" అన్నారు.

అతను ఒక తెల్లడబ్బా తీశాడు. మీద కారు కంపెనీ పేరు లేదు. ప్యాడ్లు మాత్రమే తయారుచేసే ఇంకో కంపెనీ పేరుంది. తెరిచి ఒక ప్యాడు బయట పెట్టాడు. వీర్రాజుగారి అనుమతి తీసుకుని నీలం డబ్బా కూడా తెరిచి, అందులోంచి ఒకటి తీసి దాని పక్కన పెట్టాడు. మా పాత ప్యాడు మూడోది. మా అత్తగారు మూడింటినీ తిరగేశారు. మూడింటి వీపు మీదా ఒకే కంపెనీ ముద్ర కనిపించింది.

"కారు కంపెనీకి చేసిచ్చేది వీళ్ళే సార్" అన్నాడు దుకాణదారు. "వాళ్ళ డబ్బాల పెడితె కంపెనీది. వీళ్ళ సొంత డబ్బాల పెడితె బయటిది. పలక మీద అతికించే మందుల జర ఫరక్ ఉంటదనేటోళ్ళున్నరు, ఉండదనేటోళ్ళున్నరు. నేనైతె రెండు అమ్ముత. రెండింటి మీద ఇంతవరకు ఎవరు వాపసు రాలె."

వీర్రాజుగారు ముద్రలు మళ్ళీ మళ్ళీ చూశారు. "అంటే డబ్బాకేనా అండీ అన్ని డబ్బులు?" అన్నారు బాధగా. ఒక్క క్షణం ఆలోచించి, నీలం డబ్బానే దగ్గరికి తీసుకున్నారు. "అయినా ఇదే ఇచ్చేయండి. మా ఆవిడ ప్యాడు చూడదు కదండీ, డబ్బా చూస్తుంది."

అలా కంపెనీ సరుకు పెద్దాపురం పరమైంది. కౌంటరు మీద తెల్లడబ్బా ఒక్కటే మిగిలింది. నేను ఫోను తీసి ఆ కంపెనీ పేరు వెతికాను. బాగుందన్నవాళ్ళు కనిపించారు, చప్పుడు చేస్తుందన్నవాళ్ళు కనిపించారు. కంపెనీ ప్యాడ్ల మీద కూడా అవే మాటలు కనిపించాయి. కొందరైతే ప్యాడ్ల గురించి మొదలుపెట్టి అసలు ఈ దేశంలో రోడ్ల గురించి రాశారు. ఇంకో పేజీ తెరవబోతుంటే మా అత్తగారు నా ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"సూర్యం" అన్నారు. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. "బ్రేకు సంగతి చెప్పు. మంగళవారం సంగతి కాదు. ఇవి మంచియేనా, కాదా?"

నేను ప్యాడు చేతిలోకి తీసుకున్నాను. పాతదానితో కొలిచి చూశాను, అంచులు చూశాను, ముద్ర చూశాను. నాలుగు రకాలుగా తప్పు పట్టడానికి ప్రయత్నించాను. ఆఫీసులో అయితే ఈ పాటికి పాస్ అని రాసేసి ఇంటికెళ్ళేవాణ్ణి.

"మంచివేనండి" అన్నాను. "కొందాం."

తిరుగు ప్రయాణంలో రెండున్నర ప్రాంతంలో ప్యారడైజ్ దగ్గర రైలెక్కాం. బేగంపేట దాకా నిలబడి, తర్వాత కూర్చున్నాం. మా అత్తగారు కిటికీలోంచి చూస్తున్నారు. సంచి ఒళ్ళో ఉంది.

"నీ అనుమానం పార్టు మీద కాదు అల్లుడూ" అన్నారు, ఇటు తిరక్కుండానే. "నా మీద."

"భయమండీ" అన్నాను.

"నాక్కూడ భయమే."

నేను ఆవిడ వైపు చూశాను. కొత్తగూడ కూడలిలో లారీ డ్రైవర్లని చెయ్యి చూపించి ఆపగలిగిన మనిషి నోట్లోంచి ఆ మాట వస్తుందనుకోలేదు.

"భయం లేకుంటె ఆ పాతయితోనే పోదును గదా. గింత ఎండల, ఒక్కపొద్దుండి, ఇనుప ముక్కలు మోసుకుంట గింత దూరం ఎందుకొస్త?"

ఆవిడే చెప్పారు. తాండూరు దారిలో పనిచేసినన్నాళ్ళూ రోజూ వికారాబాద్ నుంచి బస్సు. బస్సు అనంతగిరి చెట్ల మధ్య నుంచే పోయేది. వానాకాలంలో మబ్బు కిందికి దిగి రోడ్డు మీద కూర్చునేదట. దిగి నాలుగడుగులు నడవాలని ప్రతిసారీ అనిపించేది. బస్సు ఆగదు, ఆగినా మళ్ళీ ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు, బడికి ఆలస్యమవుతుంది. సాయంత్రం ఇంటికి ఆలస్యమవుతుంది. మామగారితో చెబితే, రోజూ చూసేదే కదా, మళ్ళీ పోయి చూసేదేముంది అనేవారట.

"నా సర్వీసంత ఆ గుట్టను కిటికీలకెళ్ళే చూసిన. నడిపేటోడు వేరేటోడైతె మనకు కావాల్సిన కాడ ఆగడు గదా. కారు కొన్నది ఉరకనీకి కాదు బిడ్డా. ఆగనీకి."

సంచి నేను తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక ఆవిడ ఫోను మోగింది. సక్కుబాయి టీచర్. ఇవతలి మాటలే నాకు వినిపించాయి. "ఆఁ, కొత్తయే... లేదు, నేనే పోయి కొన్న... రాణిగంజ్ పోయిన... ఆఁ, స్పెల్లింగ్ కూడ చూసిన." చివరి మాటకి అటువైపు పెద్ద నవ్వు.

ఖాజా భాయ్ ప్యాడ్లు చూసి అవునని గానీ కాదని గానీ అనలేదు. చెప్పినట్టే బిగించాడు. "కొత్తయి గదా అమ్మా, రెండు మూడు రోజులు జర మెల్లగ కొట్టాలె. ముందుగాలనే చూసుకోని, కొంచెం కొంచెం నొక్కుండ్రి. అవే సెట్టయితయి" అన్నాడు. గుట్ట సంగతి చెబితే, ఈ సాయంత్రం ఊళ్ళో ఒక గంట తిప్పమన్నాడు. తిప్పాం. బొటానికల్ గార్డెన్ రోడ్డులో వెళ్ళి, కొండాపూర్ మీదుగా చుట్టి, అయిదున్నరకి మళ్ళీ కొత్తగూడ వైపు తిరిగాం. శనివారమైనా రోడ్డు నిండుగా ఉంది. మా అత్తగారు దూరం నుంచే వేగం తగ్గించి, నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కుతున్నారు. భోజనం తెచ్చే బైకులు మా ముందు నుంచి దూసుకుపోయినా ఆవిడ తొందరపడలేదు. ముందు సీటు ఇంత హాయిగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"రేపు ఎన్నింటికి బయలుదేరాలండీ?" అని అడిగాను.

"మేం ఆరు గంటలకు. నువ్వు పండుకో. సక్కుబాయి వస్తనన్నది, నీ సీటు ఆమెకిచ్చిన. లావణ్యకు చెప్పిన."

రెండు రోజులుగా ఏ వార్త కోసం ఎదురుచూశానో అదే వార్త. వినగానే చిన్నపిల్లాణ్ణి పెళ్ళికి తీసుకెళ్ళకుండా వదిలేసినట్టు అనిపించింది. బ్రేకులు చూసి తెచ్చినవాణ్ణి నేను. 'మంచివే' అన్నవాణ్ణి నేను. ప్రాణం తీపి అన్నావిడ వచ్చి నా సీటులో కూర్చుంటుందా?

"అయితే నేను బస్సులో వచ్చి అక్కడ కలుస్తానండి" అన్నాను.

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "మంచిగనే ఉంటది. టిఫిన్ డబ్బలు నీతోని పంపిస్త. కార్ల జాగ సరిపోతలేదు."

రాణిగంజ్‌కి వెళ్ళేవారు శనివారం వెళ్ళండి, ఆదివారం మూసేస్తారు. పాత సామాను నమూనాకి పట్టుకెళ్ళండి. డబ్బా తెరిపించి చూడండి. కంపెనీదా బయటిదా అన్నది అక్కడి మేడ మీద తేలుతుందని నేను హామీ ఇవ్వలేను. ఎవరి బండికి ఏవి వేయాలన్నది ఎక్కువగా ఇంట్లోనే తేలుతుంది. పెద్దవాళ్ళెవరైనా తోడొస్తామంటే వద్దనకండి. వాళ్ళు ఆ రోజు చెప్పే మాట ఇంట్లో ఏడాదంతా కూర్చున్నా చెప్పరు.

కొత్తగూడ కూడలి వచ్చింది. ఆవిడ కారులో ఇంతవరకూ నేనన్న మాటలన్నీ ఆగమనేవే. ఆ సాయంత్రం ఏ ధైర్యం వచ్చిందో, ముందు కాస్త సందు కనిపించగానే, "పోనివ్వండి అత్తయ్యగారూ, పోనివ్వండి" అన్నాను.

"ఎర్రలైటు పడ్డది, కనిపిస్తలేదా?" అన్నారు ఆవిడ.

ఆగాం.